తనకంటూ ఏమీ అడగని ప్రార్థన

గుడికి వెళ్తే మన మొక్కుల చిట్టా చాంతాడంత. అబ్బాయి ఉద్యోగం, అమ్మాయి పెళ్లి, మోకాళ్ల నొప్పి... తప్పేం లేదు. భక్తులు నాలుగు రకాలని చెప్పిన గీతాచార్యుడు ఆర్తుణ్నీ, అర్థార్థినీ తోసిపుచ్చలేదు. కాకపోతే, ఏమీ అడగని భక్తి ఎలా ఉంటుందో అప్పుడప్పుడు చూడాలి.

హన్నా సెనెష్ హంగరీలో పుట్టిన యూదు యువతి. 1939లో పాలస్తీనాకు వలస వెళ్లింది. సిజేరియా సముద్రతీరంలో అందరూ కలిసి శ్రమించే ఒక కిబ్బుట్జ్‌లో బట్టలుతికేది. 1942లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, చిన్న ప్రార్థనాగీతం రాసింది. కళ్లెదుటి సృష్టీ, మనిషి చేసే ప్రార్థనా ఎన్నటికీ ఆగకూడదన్నదే అందులోని వేడుకోలు. తనకంటూ ఒక్క కోరికా లేదు.

ఆ మాట కాగితం మీదే ఉండిపోలేదు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా బ్రిటిష్ సైన్యంలో చేరి, 1944 మార్చిలో పారాచూట్‌తో యుగోస్లావియాలో దిగింది. జూన్‌లో హంగరీ సరిహద్దు దాటగానే పట్టుబడింది. జైల్లో వేసి, రేడియో సంకేతాలు చెప్పమని చిత్రహింసలు పెట్టారు. నోరు విప్పలేదు. చివరికి తల్లి కాతలిన్‌ను పట్టుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. కూతురు పాలస్తీనాలో క్షేమంగా ఉందనుకుంటున్న ఆ తల్లి చూసింది కమిలిన ముఖాన్ని, పన్ను ఊడిన నోటిని. హన్నా తల్లిని క్షమించమంది. రహస్యం మాత్రం చెప్పలేదు.

ఇది రాతిగుండె అంటారా? నేననను. అదే జైల్లో ఆమె కిటికీలోంచి అద్దంతో వెలుగు మెరిపించి తోటి ఖైదీలకు కబుర్లందించేది, కాగితపు బొమ్మలు చేసేది. వైరాగ్యమంటే మమకారం ఎండిపోవడం అనుకుంటాం. ఈమెలో మమకారం నిండుగానే ఉంది, భయమే లేదు. అర్జునుడు తన వాళ్లను చూసి విల్లు జారవిడిచాడు. ఆయనకు పక్కన కృష్ణుడున్నాడు. ఈ పిల్లకు ఎవరున్నారు?

క్షమాభిక్ష అడుక్కోమన్నారు. అడగలేదు. 1944 నవంబర్ 7న బుడాపెస్ట్‌లో కాల్చి చంపారు. కళ్లకు గంతలు వద్దంది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు.

తల్లి యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడి పాలస్తీనా చేరింది. 1950లో హన్నా అస్థికలను జెరూసలేంలోని హెర్జల్ కొండ మీద సమాధి చేశారు. ఆ ప్రార్థనకు డేవిడ్ జెహావీ బాణీ కట్టారు. ఇజ్రాయెల్‌లో సంస్మరణ సభల్లో ఈనాటికీ పాడుతున్నారు.