తెలియనివారియొద్ద కొనుట



గత నెలలో కుప్పమునుండి యౌవనస్థుడొకడు నన్ను చూడవచ్చి, ప్రార్థనయైన తరువాత, "అయ్యగారూ, మత్తయి 13:44లో దాచబడిన ధనము సంగతి ఉన్నది గదా. ఆ మనుష్యుడు ధనమును చూచి, మరల దాచిపెట్టి, పొలము కొనెను. పొలముగలవానితో ఒక్క మాటయైనను చెప్పలేదు. ప్రభువు అతనిని తప్పు పట్టలేదు. అట్లయిన నేను చేసినదియు తప్పు కాదు గదా?" అని అడిగెను. నాకు వెంటనే జవాబు తోచలేదు.

అతడు బెంగుళూరులో పాత సామానులు కొని, బాగుచేసి అమ్ముకొనువాడు. ఉక్కు గొట్టములు వంచి చేసిన కుర్చీలు, అద్దపు పలక అమర్చిన బల్లలు అతని సరకు. మన సంఘపెద్దలు ఇది విని నవ్విరి. తుప్పుపట్టిన కుర్చీని పాత ఇనుములో వేసి ఎర్రగడ్డలు తీసికొందుము గాని, డబ్బిచ్చి కొనువారుందురా అనిరి. నేను నవ్వలేదు. ఆ సామానులకును ఒక చరిత్ర కలదు. జర్మనీ దేశములో మార్సెల్ బ్రోయర్ అనునతడు 1925లో సైకిలు హేండిలు వంగిన తీరు చూచి ఉక్కు గొట్టముతో కుర్చీ చేసెనని చెప్పుదురు. 1927లో స్టుట్‌గార్ట్ పట్టణపు ప్రదర్శనమున మార్ట్ స్టామ్ అను హాలెండు దేశస్థుడు వెనుక కాళ్లు లేని కుర్చీని చూపెను. కూర్చున్న మనిషి బరువును వంచిన గొట్టమే మోయును. నల్లులు దాగుటకు సందులేదు, నీళ్లతో కడుగవచ్చును. ఆస్పత్రులలో ఇనుప మంచములు వేయుటకు కారణమదియే గదా. 1915లో మదనపల్లె యొద్ద ఆరోగ్యవరము క్షయ ఆస్పత్రి తెరచిన నాటినుండి గాలి, వెలుతురు, శుభ్రత అను మాటలు మన ప్రాంతమువారికి క్రొత్తవి కావు.

ఇండోరు మహారాజు యశ్వంతరావు హోల్కరు 1930 తరువాత తన మాణిక్ బాగ్ భవనమును ఇట్టి ఉక్కు, అద్దపు సామానులతో నింపెను. 1980లో వాటిలో అనేకము మొనాకోలో వేలమువేయబడెను. అచ్చట అమ్మినవారికిని కొన్నవారికిని సరకు ఏమిటో తెలియును. చండీగఢ్‌లో అట్లు కాదు. పియేర్ జాన్నెరె రూపించిన టేకు కుర్చీలను ఆఫీసులవారు పాతవని చౌకగా వదిలించుకొనగా, పరదేశపు వేలములలో అవి లక్షలు పలికెను. 2011లో కేంద్ర హోంశాఖ అట్టి అమ్మకములను ఆపవలెనని ఉత్తరువిచ్చెను.

ఇక మన యౌవనస్థుని సంగతి. పుంగనూరు దగ్గర పల్లెలో ఒక విధవరాలి యింట వెనుక కాళ్లు లేని కుర్చీయొకటి, అద్దపు బల్లయొకటి ఉండెను. ఆమె భర్త కాంపౌండరు పనిచేసి, ఎప్పుడో పాత సామానుల వేలములో వాటిని తెచ్చెను. ఇతడు వాటిని చూచి, "అవ్వా, తుప్పు పట్టినది, అద్దము గీతలు పడినది, ఎందుకు పనికివచ్చును" అని 400 రూపాయలిచ్చెను. కుర్చీ ఒక్కటే బెంగుళూరులో 18,000 రూపాయలకు పోవునని అతనికి తెలియును. ఆమె సంతోషించి, సంగటి పెట్టి, వెళ్లునప్పుడు అతని వ్యాపారము వర్ధిల్లవలెనని మోకరించి ప్రార్థనచేసెను. అతనికి నిద్ర లేకుండ చేసినది ఆ ప్రార్థనయే.

నేను ఆలోచించి చెప్పినది ఇది. లాభము తీసికొనుట పాపము కాదు. అతడు ఏండ్ల తరబడి ఆ విద్య నేర్చెను. సరకు మోసి, తుప్పు గీకి, పూత వేయించి, కొనువాడు వచ్చువరకు నెలలు కాచుకొనవలెను. దానికి కూలి కలదు. ఉపమానము మాటకు వచ్చిన, ప్రభువు తన రాకను దొంగ రాకతో పోల్చినందున దొంగతనమును మెచ్చెనని ఎవరును అనరు. అచ్చట నేర్పబడినది బేరము చేయు తీరు కాదు, రాజ్యము యొక్క విలువ. పైగా ఆ మనుష్యుడు తనకు కలిగినదంతయు అమ్మెను. ఇతడు 400 ఇచ్చెను.

సామెతలు 20:14 చూడుడి. కొనునప్పుడు సరకును నిందించి, అవతల అదే సరకును గూర్చి అతిశయించువాడు అచ్చట కనబడును. "పనికిరాదు" అను మాట అబద్ధము. దానిని గూర్చి వాదము లేదు. కష్టమైన ప్రశ్న మౌనమును గూర్చినది. ఇద్దరు వర్తకులు బేరమాడునప్పుడు ఎవని తెలివి వానిది. అడుగవలసినది అడుగుట వారికి తెలియును. ఆ అవ్వ అడుగలేదని మనమనవచ్చును. అయితే అడుగుటకు ఏదైన ఉన్నదని ఆమెకు తెలియునా? తెలియనివారు అడుగజాలరు గనుక తెలిసినవాడే చెప్పవలెనని నా అభిప్రాయము. లేవీయకాండము 25:14 కొనువానితోను అమ్మువానితోను సమానముగా మాటలాడుచున్నది.

ఇట్లు చెప్పుచుండగా నా గొంతు తగ్గెను. అతడు కూర్చున్న చోటికి ఎదురుగా నా పుస్తకముల బీరువా ఉన్నది. ఉక్కుది, అద్దపు తలుపులది. పండ్రెండేండ్ల క్రిందట పుంగనూరులో ఒక ముసలాయన యొద్ద కొంటిని. దాని వెల నాకు తెలియును, ఆయనకు తెలియదు. "పాతది గదా" అని నేనును అంటిని. పాదిరి నోటినుండి వచ్చిన మాట గనుక ఆయన నమ్మెను.

యౌవనస్థుడు మరుసటి ఆదివారము అవ్వయొద్దకు పోయి, ఉన్నదున్నట్లు చెప్పెను. ఆమె మొదట నమ్మలేదు. "చలికాలములో మంచుగడ్డ మాదిరి ఉండే కుర్చీకి అంత ఎవరిస్తారు నాయనా?" అని అడిగెనట. తరువాత బల్లను తన భర్త జ్ఞాపకముగా తిరిగి పుచ్చుకొని, కుర్చీ అమ్మిన సొమ్ములో సగము అతడే ఉంచుకొనవలెనని తీర్పు చెప్పెను.

బీరువా అమ్మిన ముసలాయన ఇప్పుడు కూతురి యింట ఉన్నాడని వింటిని. ఈ నెలాఖరులోగా నేను పుంగనూరు పోవలసియున్నది.