తండ్రుల బావిలోని మన్ను



గుడిబండె కొండమీద బైరేగౌడ అను పాలెగాడు కట్టించిన కోట ఉన్నది. వాననీటిని పట్టి నిలుపుటకు ఆ బండలలో 19 దొనలున్నవి. ఊరి దగ్గర ఆయన పేరిటనే బైరసాగరం చెరువు. జీవనది లేని ఈ సీమలో మన పెద్దలు ఇట్టి చెరువులను నమ్ముకొని బ్రదికిరి.

పట్టణములకు వచ్చి స్థిరపడిన మనము సెలవులలో పిల్లలకు వీటిని చూపించి, "ఇది మన వారసత్వము" అని చెప్పుదుము. అయితే ఒక ప్రశ్న మనలను విడువదు. ఏ ఊరి బావిలో మన తాతలను చేద వేయనియ్యలేదో, ఆ ఊరి వారసత్వము మనదెట్లగును?

2007కు మునుపు ఈ ప్రాంతము కోలారు జిల్లాలోనిది. ఆ సీమలో చెరువు నీటిని మడిమడికి పంచువాడు నీరుగంటి. తూము తెరచుట, కాలువ చక్కజేయుట, చివరి మడికి గూడ వంతు చేర్చుట అతని పని. ఆ పని చేసినవారు చాలచోట్ల దళితులే. ఊరి పైరుకు నీళ్లు పంచిన చేతికి ఊరి బావిని తాకు హక్కు లేకపోయెను. కనుక కొందరు, "ఆ ఊరితో మనకేమి పని?" అందురు. వారి గాయమును తేలికగా కొట్టివేయరాదు. మరికొందరు ఆ మాట ఎత్తక, పచ్చని పొలములను మాత్రమే తలంచుకొందురు. అది సగము సత్యమే.

ఆదికాండము 26వ అధ్యాయములో ఇస్సాకును చూడండి. తండ్రి కాలపు బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిరి. ఇస్సాకు ఆ బావులను విడిచిపెట్టలేదు. మన్ను కూడ తండ్రి ఆస్తియేనని దాచుకొనలేదు. మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే వాటికి పెట్టెను.

మన బావిలో నీళ్లేవి? చివరి మడివానిని మరువని నీరుగంటి న్యాయము, కన్నడ సీమలోను నిలిచిన మన తెలుగు మాట. మన్ను ఏది? కులము. ఆ మన్ను ఊరిలోనే ఉండిపోయెనా? సంఘములో పెండ్లి సంబంధము మాట రాగానే, "వారు ఏ వాళ్లు?" అని అడుగుచున్నది మనము కామా? బాప్తిస్మపు నీళ్లలో మునిగి లేచిన మనము ఆ మన్నును మూటగట్టి వెంట తెచ్చుకొనలేదా?

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పిల్లలకు కోటతోపాటు చెరువు తూమును కూడ చూపించండి. నీళ్లు ఎవరు పంచిరో, ఎవరికి దక్కలేదో, రెండును చెప్పండి. వారసత్వము చూచి మురియుటకు మాత్రమే కాదు, పూడిక తీయుటకు కూడ మనకు అప్పగింపబడినది. ఆ పని మన ఇంటినుండియే మొదలుపెట్టుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.