స్టఫ్డ్ మష్రూమ్: భక్ష్యమా, అభక్ష్యమా?

ఇంట్లో ఒవెన్‌లో చేసుకునే స్టఫ్డ్ మష్రూమ్‌కు కావలసినవి తక్కువే: బటన్ పుట్టగొడుగులు, ఉల్లి, వెల్లుల్లి, బ్రెడ్ పొడి, చీజ్, కాస్త వెన్న. వీటిలో మొదటి మూడూ మనుస్మృతి అయిదో అధ్యాయంలోని ఒకే శ్లోకంలో ద్విజులకు తినరానివిగా కనిపిస్తాయి. భక్ష్యాభక్ష్య విచారణకు ఇంతకన్నా అనువైన వంటకం దొరకదు.

నిషేధం ఒక్క మనువుదే కాదు. తెలుగు బ్రాహ్మణుల్లో అధికులు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం కూడా పుట్టగొడుగును విడిగా పేర్కొని అభోజ్యమంటుంది. మనుస్మృతి ఇంకాస్త ముందుకు వెళ్లి, తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడనీ, తెలియక తింటే సాంతపన కృచ్ఛ్రమో యతి చాంద్రాయణమో ప్రాయశ్చిత్తంగా చేయాలనీ విధించింది. విషపు పుట్టగొడుగులకు భయపడి పెద్దలు ఈ నియమం పెట్టారని ఈ రోజుల్లో చాలామంది సమర్థిస్తారు. ఆ సమర్థన నిలవదు. పక్కనే ఉన్న ఉల్లి, వెల్లుల్లి విషాలు కావు. పైగా విషానికి విరుగుడు చెబుతారు గాని ప్రాయశ్చిత్తం చెప్పరు. ఇక్కడ విచారిస్తున్నది ఆరోగ్యాన్ని కాదు, శుద్ధిని.

ఆహారంలో శుద్ధి ఎలా చెడుతుందో రామానుజుల శ్రీభాష్యం మూడు విధాలుగా చెబుతుంది: జాతి దోషం, ఆశ్రయ దోషం, నిమిత్త దోషం. అన్నంలో వెంట్రుక పడటం, ఎంగిలి తగలడం నిమిత్త దోషాలు. ఎవరి చేతి అన్నమన్నది ఆశ్రయ దోషానికి సంబంధించింది. వస్తువు స్వభావంలోనే ఉన్నది జాతి దోషం. పుట్టగొడుగు ఈ చివరి కోవలోకి వస్తుంది కాబట్టి తడిబట్టతో ఎంత తుడిచినా, 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత కాల్చినా శాస్త్రం లెక్కలో తేడా రాదు. మైలపడిన మట్టికుండను తిరిగి కాల్చి శుద్ధి చేసుకోవచ్చని మనుస్మృతే అంటుంది. పదార్థానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

మనువు శ్లోకంలో మరో కారణం సూచనగా ఉంది: అమేధ్యంలో (అశుద్ధంలో) పుట్టినవన్నీ వర్జ్యమే. నేటి బటన్ పుట్టగొడుగుకు ఈ మాట సూటిగా తగులుతుంది. గోధుమ గడ్డిలోనో వరిగడ్డిలోనో కోళ్ల ఎరువు లేదా గుర్రపు లద్దె కలిపి మాగబెట్టిన కంపోస్టు మీద దాన్ని పెంచుతారు. కంపోస్టును ఆవిరితో పాశ్చరైజ్ చేస్తారు గాని పుట్టుక మారదు. పెంట ఎరువు మీద పెరిగిన తోటకూరను తినేవారు దీన్ని ఎందుకు కాదనాలని అడగవచ్చు. దానికి జవాబుంది. మొక్క ఎరువులోని లవణాలను తీసుకుని ఎండ సాయంతో తన ఆహారం తానే తయారుచేసుకుంటుంది. శిలీంధ్రమైన పుట్టగొడుగు కుళ్లిన పదార్థాన్నే జీర్ణించుకుని బతుకుతుంది. అంటే ఆచారపరుల అభ్యంతరం ఉత్త మూఢత్వం కాదు.

అయితే అదే సంప్రదాయంలోని వైద్య గ్రంథం సుశ్రుత సంహిత పుట్టుకను మరోలా చూసింది. గడ్డిపై, చెరకుపై, ఎండుపేడపై, వెదురుపై, నేలపై మొలిచేవాటిని వేర్వేరుగా లెక్కించి, గడ్డిమీద మొలిచినది మధురమనీ శరీర దోషాలను శమింపజేస్తుందనీ చెప్పింది. వైద్యుడికి పుట్టిన చోటు గుణాన్ని తెలిపితే, ధర్మశాస్త్రకారుడికి అర్హతను తెలిపింది. వానాకాలంలో చెదపుట్టల మీద లేచే పుట్టగొడుగుల సంగతి ఇంకా చిత్రం. నాగుల చవితికి పాలు పోసి మొక్కే పుట్ట పవిత్రం, దాని మీద మొలిచింది అపవిత్రం.

అసలు చిక్కు వేరే ఉంది. దోషం వస్తువు స్వభావంలోనే ఉంటే అది తిన్న ప్రతివారికీ తగలాలి. మనువు ద్విజులకే నిషేధించాడు. పుట్టగొడుగు పుట్టుకతో పాటు తినేవాడి పుట్టుకనూ అడిగే నియమమిది. శ్రీభాష్యం కూడా ఆహారశుద్ధిని ఉపాసకుడి సాధనలో భాగంగానే చెప్పింది. కాబట్టి ఈ నిషేధాన్ని పుట్టగొడుగు గుణంగా కాక, తినేవాడు పట్టిన వ్రతంగా చూడటమే సబబు.

జైనుల అభ్యంతరం శుద్ధిది కాదు, హింసది. ఇలాంటివాటిలో ఒకే దేహాన్ని అనంత జీవులు పంచుకుంటాయని నమ్మి వదిలేస్తారు. ఆధునిక జీవశాస్త్రం దారి ఇంకొకటి. 1969లో విటేకర్ ప్రతిపాదించిన అయిదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలు అటు మొక్కలూ కావు, ఇటు జంతువులూ కావు. వాటి కణకవచంలో ఉండే కైటిన్ రొయ్య పెంకులోనూ ఉంటుంది. అంతమాత్రాన పుట్టగొడుగు మాంసమైపోదు. భారతీయ ఆహార చట్టం దానికి ఆకుపచ్చ గుర్తే ఇస్తుంది.

ఇక వంట. కాడను మెల్లగా తిప్పి ఊడదీస్తే టోపీ గిన్నెలా మిగులుతుంది. పుట్టగొడుగులో 90 శాతం దాకా నీరే ఉంటుంది కనుక టోపీలను ముందుగా బోర్లించి పది నిమిషాలు ఒవెన్‌లో ఉంచాలి, లేకపోతే స్టఫింగ్ నానిపోతుంది. కాడలను సన్నగా తరిగి ఉల్లి, వెల్లుల్లితో వెన్నలో తడి ఇంకేదాకా వేయించి, బ్రెడ్ పొడి, చీజ్ కలిపి టోపీల్లో కూరి, పైన ఎర్రబడేదాకా మరో 15 నిమిషాలు కాల్చాలి. గుత్తివంకాయకు కారం కూరిన చేతికి ఇది కొత్త పని కాదు.

శాకాహారి జాగ్రత్త పడవలసింది చీజ్ దగ్గర. ఇటలీ సంప్రదాయపు పార్మెజాన్‌లో పాలను విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్. ఆకుపచ్చ గుర్తున్న చీజ్‌లో దాని బదులు వాడే రెన్నెట్‌ను తరచూ ఒక రకం బూజు నుంచి తీస్తారు. బ్రెడ్డును పొంగించే ఈస్టు కూడా శిలీంధ్రమే. పుట్టగొడుగు ముట్టనివారు బ్రెడ్డుకు అభ్యంతరం చెప్పరు. కంటికి కనిపించినదానికే నిషేధం.

ఆచారం పాటించేవారికి ఈ వంటకం కుదరదు, జైనులకు అసలే కుదరదు. అహింస కోసమే మాంసం మానినవారు చీజ్ ప్యాకెట్ మీది గుర్తు చూసుకుంటే చాలు. భోజనానికి పిలిచినవారిలో ఆచారపరులుంటే పుట్టగొడుగు బదులు టమాటా పెట్టి ఊరుకోకూడదు. లోపలి ఉల్లి, వెల్లుల్లి కూడా తీసేసి పనీర్, ఇంగువతో కూరాలి.