అరిగిన రూపాయి

ఒంగోలు గిత్తను కొనబోయే రైతు ముందు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళా, రెండు పళ్ళా, ఆరు పళ్ళా అన్నదాన్ని బట్టి వయసు కడతాడు. పళ్ళు అరిగి ఉంటే ధర తగ్గించి అడుగుతాడే తప్ప, "ఇది చెడ్డ ఎద్దు" అని ఎన్నడూ అనడు.

పాత వెండి రూపాయి దగ్గర మనకు ఆ పాటి ఇంగితం ఉండదేమో!

విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయి బిళ్ళలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో పాత పెట్టెల అడుగున దొరుకుతుంటాయి. ఒక్కొక్కటి తులం ఎత్తు, అంటే 11.66 గ్రాములు. నూటికి 91 పాళ్ళ పైచిలుకు వెండే. 1940లో రూపాయిలో వెండిని సగానికి దించారు. 1947లో అదీ తీసేసి నికెల్ పెట్టారు. అందుకే పాతవాటికి అంత గిరాకీ.

నాణేల స్థితిని అంచనా కట్టేవాళ్ళు ముందుగా ఎత్తుగా ఉన్న చోట్లు చూస్తారు. రాణిగారి బుగ్గ, చెవి పైని జుట్టు, రవికె మీది కుట్టుపని. చేతులు మారేకొద్దీ ముందు అరిగేవి అవే. అసలు చలామణీలోకే రానిది అన్నిటికన్నా పై తరగతి. తమాషా ఏమిటంటే, వాళ్ళ లెక్కలో 'గుడ్' అంటే బాగా అరిగిపోయి, బొమ్మ ఆనవాలు మాత్రం మిగిలినదని అర్థం!

కొన్నిటికి పుట్టుకలోనే అచ్చు పలచగా పడుతుంది. తెలియనివారు దాన్నీ అరుగుదల కిందే జమకడతారు. తెలిసినవారు వెలుతురులో అటూ ఇటూ వంచి చూస్తారు. పలచని చోట కూడా తొలినాటి మెరుపు నిలిచి ఉంటే అది అరగలేదన్న మాట.

ఇక మూడోది, తోమడం. వ్రతం రోజున చింతపండుతోనో, విభూతితోనో రుద్ది తళతళలాడిస్తాం. దేవుడి దగ్గర అది భక్తి. నాణేనికి మాత్రం చేటు. నలుపుతో పాటు అసలు మెరుపూ పోయి సన్నగీతలు పడతాయి. అలా తోమినదాన్ని కొత్తదని అమ్మితే అది మోసమే.

పెట్టెలో పడుకున్న రూపాయికి ఎక్కువ ధర, మిరపకాయల కూలీ చేతినీ, పెళ్ళిచదివింపులనూ దాటొచ్చిన రూపాయికి తక్కువ ధర. ఇది న్యాయమా అంటే, బజారులో న్యాయమే. అక్కడ కొలిచేది ఎంత చెక్కుచెదరకుండా మిగిలిందన్నదే. ఎంతమందికి అక్కరకొచ్చిందో కొలిచే తరగతి అక్కడ లేదు.

చిక్కల్లా ఆ కొలబద్దను ఇంటికి తెచ్చుకోవడంలోనే. నలుగురు పిల్లల్ని పెంచి, అత్తమామలకు మంచం పక్కన సేవ చేసిన ఇల్లాలిని చూసి "అయ్యో, ఎంత పాడైపోయిందమ్మా!" అనేస్తాం. అనేముందు ఆ నాణేల మనిషి చేసే పాటి పరీక్షయినా చెయ్యొద్దూ? ఇది అరిగిందా, అచ్చే పలచగా పడిందా, ఎవరైనా తోమారా? మొదటిది పని చేసిన గుర్తు. రెండోది పుట్టుక. మూడోదాంట్లోనే తప్పుంది, ఆ తప్పయినా తోమిన చేతిదే గాని రూపాయిది కాదు.