రెక్కలొచ్చాకేనా బతుకు?

మడగాస్కర్ వానడవుల తోకచుక్క చిమ్మటకు 1847లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గెరాన్ మెనెవిల్ శాస్త్రీయ నామం పెట్టాడు. పసుపు రెక్కలు, 15 సెంటీమీటర్ల దాకా సాగే మగదాని తోకలు చూసి ముచ్చటపడని వారుండరు. కానీ ఆ రెక్కల బతుకు వారం రోజుల లోపే. తినడానికి పనికొచ్చే నోరే లేదు. ఎగరడానికీ గుడ్లకూ కావలసిన సత్తువంతా గొంగళిపురుగుగా ఆకులు మేసి కూడబెట్టిందే. మరి ఆ దశ వట్టి సన్నాహమనీ, రెక్కలొచ్చాకే అసలు జీవితమనీ అనడం న్యాయమా? సంతానం రెక్కల దశలోనే కాబట్టి గమ్యం అదేనని వాదించవచ్చు. ఆ లెక్కన గుడ్డూ గమ్యమే. చక్రంలో ఒకచోట వేలుపెట్టి ఇదే చివరనడం మన అలవాటు. రెక్కల్ని మోక్షానికి ఉపమానం చేసే ప్రవచనకారులు (బాగానే చెబుతారు లెండి) పట్టుగూటిలో వాననీరు నిలవకుండా ఉన్న చిన్నచిన్న రంధ్రాలనూ చూడాలి. ఆ గూడు అల్లింది గొంగళిపురుగే.