కొండనుండి తెచ్చినదేమి?

తిరుమలకు పోవువానిని "ఎందుకు పోవుచున్నావు?" అని ఎవ్వరును అడుగరు. తిరిగి వచ్చిన పిమ్మట మాత్రము "ప్రసాదమేది?" అని ఇరుగుపొరుగువారు సైతము చేయి చాపుదురు. ఆ చాచిన చేతిలో ఒక ధర్మము ఇమిడియున్నది. యాత్ర చేసినవాడు ఒక్కడే యైనను, దాని ఫలము ఒక్కనిది కాదని ఆ చేయి చెప్పుచున్నది. కాని దైవదర్శనము నిమిత్తము గాక, కేవలము చల్లగాలి కొరకును పచ్చని చెట్ల కొరకును ఒకడు ఒంటరిగా ఒక కొండకు పోయి, ప్రొద్దుగూకునప్పటికి ఇల్లు చేరెననుకొన్నచో, అతనిని ప్రసాదమడుగువారెవరు? ఆ సుఖము అతనికి మాత్రమే చెందునా? తనవారిని విడిచి ఒక దినము తన సుఖము తాను చూచుకొనుట గృహస్థునకు తగునా, తగదా?

ఈ ప్రశ్న ఊహామాత్రముగా నుండక తేటపడుటకు ఒక గృహస్థుని తలచుకొనుట మేలు. అతడు మదనపల్లెలో నివసించు విశ్రాంత ఉద్యోగి. వయస్సు అరువది దాటినది. భార్య పక్షవాతముచే రెండేండ్లుగా మంచము పట్టియున్నది. స్నానము చేయించుట, వేళకు మందులిచ్చుట, ప్రక్క మార్చుట, నడిరేయి లేచి నీరందించుట, అన్నియు అతని చేతిమీదుగానే జరుగుచుండెను. ఇన్నినాళ్ళలో ఎవరితోను తన కష్టమును చెప్పుకొనలేదు. కాని ఒకనాడు ఆమె చేతినుండి గంజిగిన్నె జారి పక్కబట్టలపై ఒలికినపుడు అతని నోట ఒక కటువైన మాట వెలువడెను. ఆమె బదులు పలుకలేదు. ముఖమును గోడవైపునకు త్రిప్పుకొనెను. ఆ రాత్రి ఇరువురకును నిద్ర లేదు.

పండుగసెలవులకు వచ్చిన కుమారుడు తండ్రి వాలకము చూచి, "ఒక్క దినమైనను ఎక్కడికైనను పోయి రండి నాయనా. అమ్మను మేము చూచుకొందుము" అనెను. మంచముమీదనుండి ఆమెయు, "పోయి రండి" అనెను. మరునాటి ఉదయము కోడలు కట్టియిచ్చిన పెరుగన్నపు డబ్బా సంచిలో పెట్టుకొని అతడు హార్స్‌లీ కొండల బస్సెక్కెను.

ఆ కొండలు మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 4,100 అడుగుల ఎత్తున నున్నవి. క్రింద నేల కాగుచుండగా పైన గాలి చల్లగా వీచుటచే జనులు ఈ చోటును ఆంధ్రా ఊటీ అందురు. దీని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ యను బాలిక, కొండవాసులు రోగపీడితులైనపుడు వారికి మందిచ్చి కాపాడుచుండెననియు, ఒకనాడు హఠాత్తుగా కనబడకపోయెననియు స్థలకథ. ఆమెకు అచ్చట గుడి కలదు. ఈ సీమ కడప జిల్లాలో చేరియున్న కాలమున, 1870 ప్రాంతమున, ఆ జిల్లా కలెక్టరైన హార్స్‌లీ దొర వేసవితాపమునకు విరుగుడుగా ఇచ్చట ఇల్లు కట్టుకొనెను. నాటినుండి కొండకు అతని పేరే వాడుక యైనది.

ఈ రెండు పేర్లు రెండు మార్గములను సూచించుచున్నవి. ఒకతె కొండపైనుండి పరుల బాధ తీర్చినది. ఒకడు తన తాపము తీర్చుకొనుటకై కొండ నెక్కినాడు. అతడు చేసినది తప్పనుటకు వీలులేదు. ఎండలో నీడ వెదకుట ప్రాణిధర్మము. మన గృహస్థుడును ఆ దినమున దొరవలెనే నీడను వెదకికొనుచు కొండ నెక్కెను. దిగునపుడు ఎవరివలె దిగెననునదే విచారింపదగినది.

గాలిబండపై అతడు చాలసేపు కూర్చుండెను. అచ్చటి గాలికి ఉత్తరీయము భుజముపై నిలువదు. క్రింద లోయలో పల్లెలు, చెరువులు, దున్నిన చేలు చిన్నవిగా కనబడుచుండెను. ఒక మబ్బునీడ చేలమీదుగా మెల్లగా సాగిపోయెను. దానిని చూచుచుండగా, చాలకాలమునకు, అతని మనస్సున మందుల వేళల లెక్క లేని ఒక గడియ గడచెను. అది ఆనందమని గుర్తించినంతనే అతనికి సిగ్గు కలిగెను. "ఆమె మంచముపై నుండగా నేనిచ్చట సంతోషించుచున్నాను" అను తలపు ముల్లువలె నాటుకొనెను.

ఆ ముల్లు న్యాయమైనదేనా? పెద్దల మాటలలో ఇందుకు రెండు వైపులను ఆధారములు కనబడును. మహాభారతమున ఉద్యోగపర్వమునందు నిద్రపట్టని ధృతరాష్ట్రునకు విదురుడు నీతి చెప్పుచు, ఒంటరిగా చేయరాని పనులు నాలుగు చెప్పెను: తీయని పదార్థమును తానొక్కడే తినరాదు, కార్యములను ఒక్కడే ఆలోచింపరాదు, దారిని ఒక్కడే పోరాదు, నిద్రించువారి నడుమ ఒక్కడే మేల్కొనియుండరాదు. పైకి చూడ ఈ గృహస్థుడు రెండు తప్పులు చేసినట్లే తోచును. ఒంటరిగా దారి పోయెను. ఒంటరిగా తీపి అనుభవించెను.

విమర్శించి చూచిన ఈ నాలుగును ఒకే తెగకు చెందినవి కావు. ఒంటరి ప్రయాణము కూడదనుట క్షేమమును గూర్చిన మాట. దారిలో దొంగల భయము, మృగభయము ఉన్నపుడు తోడు కావలెను. పగటివేళ పదిమందితో కూడి బస్సులో పోవువానికి ఆ భయము స్వల్పము. కాని తీపిని ఒక్కడే తినరాదనుట క్షేమమును గూర్చినది కాదు, ధర్మమును గూర్చినది. దారులు ఎంత బాగుపడినను ఈ మాటకు కాలదోషము పట్టదు.

మరియొక వైపున గీతాచార్యుడు యోగాభ్యాసికి ఏకాంతమును విధించెను. జనసమ్మర్దము లేని చోటును సేవించుటను జ్ఞానలక్షణములలో ఒకటిగా చేర్చెను. దీనిని పట్టుకొని, "ఏకాంతము శాస్త్రసమ్మతమే" అని ఎవడైన తన విహారమును సమర్థించుకొనవచ్చును. అది పొరపాటు. అచ్చట చెప్పిన ఏకాంతము మనోనిగ్రహమునకు సాధనము, వినోదమునకు కాదు. యోగికిచ్చిన అనుమతిని గృహస్థుడు తన సౌఖ్యమునకు అరువు తెచ్చుకొనరాదు. అయినను ఆ మాటలో గృహస్థునకును కొంత పాలు కలదు. ఎల్లవేళల కాడి మోయు ఎద్దునకు సైతము నీటిరేవున కాడి దింపుదురు. దింపనిచో అది నడుమ దారిలో కూలబడును, లేదా కొమ్ము విసరును. గంజిగిన్నె ఒలికిననాడు అతని నోట వచ్చిన మాట ఆ కొమ్ము విసరుట వంటిదే. సేవ చేయువాడు అలసినపుడు ఆ అలసటకు వెల చెల్లించునది సేవ పొందువారే. కావున అతడు విశ్రమించుట ఆమెకును ఉపకారమే.

అతడు కొండకు పోవుట తప్పు కాదని ఇంతవరకు తేలినది. తీపిని గూర్చిన ప్రశ్న మాత్రము నిలిచియే యున్నది. చల్లగాలిని మూటగట్టి తెచ్చుట ఎట్లు? దీనికి శ్రీరామాయణము దారి చూపుచున్నది. చిత్రకూటమున శ్రీరాముడు ఆ గిరిసౌందర్యమును తానొక్కడే చూచి ఊరకొనలేదు. చెట్లను, పక్షులను, ధాతువులతో రంగులు దేరిన చరియలను ఒక్కొక్కటిగా సీతమ్మకు చూపుచు వర్ణించెను. ఆ కొండను చూచుచుండగా రాజ్యము పోయిన బాధయు తన మనస్సును తాకుట లేదనెను. ఆ స్వామియే సీతావియోగమున పంపాతీరము చేరినపుడు, అచ్చటి వసంతశోభయే దుఃఖహేతువైనది. అప్పుడును ఊరకుండలేదు, లక్ష్మణునితో చెప్పుకొనెను. సౌందర్యము చూచిన కన్నులు వినెడి చెవిని వెదకును. కొండపై ఆ గృహస్థునకు నాటిన ముల్లు పాపభీతి కాదు. వినెడి చెవి దగ్గర లేని వెలితి.

అనుభవించినదానిని మోసికొనిపోగల పాత్ర మాట యొక్కటియే. ఆ మాటయైనను రెండు విధములుగా నుండును. "నేను చూచితిని, నీవు చూడలేకపోతివి" అని ధ్వనించినచో అది రోగిని మరింత నొప్పించును. "నీకై చూచి వచ్చితిని" అని ధ్వనించినచో అది ప్రసాదమగును. వినువారెవరును ఇంట లేని ఒంటరివాడు సైతము, తెచ్చిన నెమ్మదిని తనకు ఎదురుపడినవారిపట్ల చూపినచో, తీపిని ఒక్కడే తిన్నవాడు కాడు.

సాయంకాలము అతడు ఇల్లు చేరి, కాళ్ళు కడుగుకొని మంచము దగ్గరకు పోయెను. తిరుమలనుండి వచ్చినవారిని అడుగునట్లే ఆమె, "ఏమి తెచ్చినారండీ?" అని అడిగెను. సంచిలో ఖాళీ డబ్బా తప్ప మరేమియు లేదు. అతడు ఒక నిమిషము తడబడి, మంచముపట్టెపై కూర్చుండి చెప్పసాగెను: బస్సు మలుపులు తిరిగిన తీరు, నీలగిరిచెట్ల వాసన, ఉత్తరీయమును లాగుకొనిపోయిన గాలి, దానికై తాను పరుగెత్తగా పిల్లలు నవ్విన నవ్వు, చేలమీద నడచిన మబ్బునీడ, మల్లమ్మ గుడి. ఆమె కన్నులు మూసికొని వినుచుండెను. "గుడిలో దీపమున్నదా?" అని అడిగెను. ఉన్నదని చెప్పెను. ఉత్తరీయము కథను మరల చెప్పుమని అడిగి, విని నవ్వెను. మందుల మాట, వేళల మాట లేకుండ వారిరువురు అంతసేపు మాటలాడుకొని రెండేండ్లయినది.

మూడవనాడు కుమారుడు తన ఉద్యోగమునకు వెడలిపోయెను. ఆ మధ్యాహ్నము గంజిగిన్నె ఆమె చేతినుండి మరల జారెను. ఆమె భయముతో అతని ముఖము చూచెను. అతడు గుడ్డ తెచ్చి తుడిచి, పక్కబట్టలు మార్చి, మరియొక గిన్నెలో గంజి పోసి తెచ్చెను.