చేపలను అడిగి ఇల్లు మారుదుమా?



1955లో పెరంబూరులో రైలుపెట్టెల కర్మాగారము ప్రారంభమైనది మొదలు క్వార్టర్సు జీవితము ఎరిగిన తెలుగు కుటుంబములు మద్రాసు సంఘములకు కొత్త కాదు. పదవీ విరమణ తరువాత క్వార్టర్సు ఖాళీచేసి, పురసవాక్కములోనో వేపేరిలోనో పాతకాలపు పెద్ద ఇంటికి మారు రోజు వచ్చును. మంచములు విప్పుదురు, బీరువా దింపుదురు. చిట్టచివరకు హాలులోని చేపల తొట్టి గుర్తుకు వచ్చును. అందులో ఉన్నవి సామానులు కావు, ప్రాణులు. ఇల్లు మారుదుమా అని వాటిని ఎవరును అడుగలేదు. (మాటలాడగల అత్తగారినే అడుగక ఆమె గదిని నిర్ణయించు ఇండ్లున్నవి, చేపల సంగతి చెప్పనేల!)

చేపలకొరకు ఇంత ఆలోచన ఎందుకని నవ్వువారు ఉందురు. కాని మనుష్యునికి ఏలుబడి అప్పగింపబడిన ఆదికాండము 1:28లో మొదట పేర్కొనబడినవి చేపలే. ఏలుబడి అనగా ఇష్టము వచ్చినట్లు చేయుటయని కొందరి తలంపు. సామెతలు 12:10 అట్లు చెప్పదు. నీతిమంతునికి తన పశువు ప్రాణముతో గల సంబంధమును చెప్పుచు, హెబ్రీ మూలము అక్కడ "ఎరుగుట" అను అర్థమిచ్చు క్రియను వాడినది. ఎరుగని దయ ఎంత మంచి మనస్సుతో చేసినను ప్రాణము తీయగలదు. చేపల తొట్టి విషయములో ఇది అక్షరాల నిజము.

ఉదాహరణకు, కొత్త ఇంటికి వెళ్లుచున్నాము గదా, అంతయు శుభ్రముగా ఉండవలెనని ఇంటి ఇల్లాలు ఫిల్టరు స్పాంజిని కుళాయి క్రింద పిండి పిండి కడుగును. దయతోనే కడుగును. అయితే ఆ మురికి స్పాంజిలోనే కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురమున్నవి. చేపలు విడుచు అమ్మోనియా విషము. ఆ జీవులలో ఒక జాతి దానిని నైట్రైటుగాను, మరియొక జాతి ఆ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. కుళాయి నీటిలోని క్లోరిను వాటిని చంపును, ఎండినను అవి చచ్చును. మరల అవి నెలకొనుటకు నాలుగైదు వారములు పట్టవచ్చును. తళతళలాడు తొట్టిలో చేపలు ఒక్కొక్కటిగా తేలినప్పుడు "స్థలము పడలేదు" అందురు. స్థలము కాదు, స్పాంజి. దానిని పాత తొట్టి నీటిలోనే తడిగా ఉంచి తీసికొనిపోయి, ఆ దినమే మరల నడిపించవలెను. చేపలకు ముందురోజు మేత మానివేసి, సంచిలో మూడవవంతు నీరు, మిగిలినది గాలి ఉంచిన చాలును. తొట్టిని నీటితో మోయరాదు, అతుకులు విడిపోవును.

పాత ఇంటినికూడ ఎరుగవలెను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో సుమారు 250 లీటర్ల నీరు పట్టును. గాజు, గులకరాళ్లు కలిపితే 300 కిలోలు దాటును. మద్రాసు టెర్రసు మేడయైతే ఆ నేలను మోయునవి టేకు దూలములు, వాటిమీద సున్నములో నిలువుగా పేర్చిన పలుచని ఇటుకలు. కాబట్టి క్రింది అంతస్తే మంచిది. మేడమీద తప్పదనుకొంటే, దూలములకు అడ్డముగా, గోడకు చేర్చి పెట్టి, ముందుగా మేస్త్రికి చూపించవలెను. పాత వైరింగులో ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చూడవలెను. నీరు బోరుదైతే ఉప్పదనము వేరు, కొంచెము కొంచెముగానే కలుపవలెను.

ఇంత శ్రమ ఎందుకు, చెరువులో వదిలివేసిన వాటికి స్వాతంత్ర్యము గదా అనువారున్నారు. ఇది అన్నిటికంటె ప్రమాదకరమైన దయ. గాజు నాకి శుభ్రము చేయునని కొను సక్కరు చేప దక్షిణ అమెరికాది. అడుగు దాటి పెరుగును. అట్టివి మన జలాశయములలో చేరి స్థానిక చేపల మేతను తినివేయుచున్నవి. ఆంధ్రలో దానిని డెవిల్ ఫిష్ అందురు. దాని ముండ్లకు వలలు చినిగి నష్టపోవునది బీద జాలరి. మన జాలి ఖర్చు అతడు చెల్లించుట న్యాయమా? ఉంచుకొనలేనివారు తెలిసి పెంచువారికి ఇచ్చుట మేలు. పెరంబూరునకు దగ్గరనే కొళత్తూరు, రంగు చేపల వ్యాపారమునకు పేరుపొందిన చోటు. అక్కడ అడిగిన దారి దొరకవచ్చును. ఇచ్చివేయుట ఓటమి అని నేననుకొనను.

పెద్ద హాలు చూడగానే ఇంకొక పెద్ద తొట్టి కొనవలెనను కోరిక పుట్టును. మొదటి నెల ఆగుడి. మేత తగ్గించి, వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చుచు ఉన్నవాటిని కనిపెట్టుడి. గృహప్రతిష్ఠ ప్రార్థననాడు పిల్లలందరు తొట్టి చుట్టే చేరుదురు. వారు గాజును వ్రేళ్లతో తట్టకుండ, ఎవరైన ఒక తాతగారు దాని ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండిన బాగుండును.